లండన్ బండికి మైకుసెట్టు

మా తమ్ముడు శివుడు వంటిల్లు కూలగొట్టి కొత్తది కట్టిస్తున్నాడంటే, కూలే ముందు ఒకసారి చూద్దామని జహీరాబాద్ పోయాను. నేను పోయేసరికే సగం కూలింది. సామానంతా వరండాలో కుప్పపోసి ఉంది. ఆ కుప్ప మీద ఒక టేకు చెక్క కనిపించింది. చుట్టూ ఇత్తడి పట్టీ, మధ్యలో ఒకే కొలతకు కోసిన రెండు గుండ్రటి రంధ్రాలు. శివుడి భార్య సుజాత దాన్ని అరచేత్తో తట్టి, "చూడు వదినా, పాతకాలపోళ్లు ఎంత తెలివిగలోళ్లో. బిందెలు దొర్లకుండ కొలత వెట్టి కోయించిన్రు. గిసొంటి పనితనం ఇప్పుడు యాడ దొరుకుతది?" అన్నది. నేను అవునన్నాను. పాతకాలపు వాళ్ళలో ఈ ఇంటికి మిగిలింది నేనే కాబట్టి, వచ్చే పొగడ్తను కాదనడం దేనికని ఊరుకున్నాను. నిజానికి ఆ రంధ్రాలు బిందెల కోసం కోసినవి కావు, పాటల కోసం కోసినవి. ఆ చెక్క వంటింటిది కూడా కాదు. మా అమ్మ హుమ్నాబాద్ నుంచి, అంటే తన పుట్టింటి నుంచి, పెళ్ళిలో తెచ్చుకున్న చీరల సందుగ మూత. సందుగను వదిలి వంటింటికి చేరే మధ్యలో అది కొంతకాలం ఒక కారులో ఉంది.

ఆ కారును అందరూ లండన్ బండి అనేవారు. దాని అసలు పేరు మూతి మీద ఇత్తడి అక్షరాల్లో ఉండేది గానీ, మా చేతికొచ్చేసరికి సగం అక్షరాలు ఊడిపోయాయి. మిగిలినవి కలిపి చదివితే మనిషి దగ్గినట్టుండేది. బీదర్ దిక్కున ఒక నవాబుగారి వారసులు అమ్ముతుంటే బాపు, అంటే మా నాన్న, కొన్నాడు. మాకు చెరుకు తోటలు, బెల్లం గానుగ ఉండేవి. కారుకు వేరే చోటు లేక బెల్లం కొట్టంలోనే పెట్టాడు. అందువల్ల అది లోపలంతా పెట్రోలు, పాతతోలు, పాకం కలిసిన ఒక వాసన వేసేది. ఇప్పటికీ ఎక్కడైనా బెల్లం కరుగుతున్న వాసన వస్తే నాకు ఎక్కడికో ప్రయాణమవుతున్నట్టే ఉంటుంది. చీమలకు ఆ కారంటే ప్రాణం. బాపు ఎక్కేముందు సీటు దులిపేవాడు, దిగాక ధోవతి దులిపేవాడు. వెనక కిటికీలకు ఆకుపచ్చ పరదాలుండేవి, ఆ పరదాల వెనక ఎడమవైపు అమ్మ స్థానం. కారున్న ఇంటి ఆడవాళ్ళు బస్సు ఎక్కకూడదన్నది మా ఇంట్లో ఎవరూ నోటితో చెప్పని నియమం. కారు నడవని రోజుల్లో ఆడవాళ్ళు ఎక్కడికీ పోలేదు. అది ఎక్కువ రోజులు నడిచేది కాదు.

బాపుకు ఎడమ చెవి వినబడదు. చిన్నప్పుడు చీముపట్టి పోయిందట. వెల్లుల్లి కాచిన నూనె అందులో రోజూ పోసుకొనేవాడు. నూనెకు లోటు లేదు, గుణమూ లేదు. ఇంట్లో మంచాలు, కుర్చీలు, భోజనం పీటలు అన్నీ ఆయన కుడి చెవిని చూసి వేసినవే. అమ్మ కుడిపక్క నుంచే వడ్డించేది, మంగలి కుడిపక్క నుంచే కబుర్లు చెప్పేవాడు. ఏదైనా వినడం ఇష్టం లేకపోతే బాపు మెల్లగా మెడ తిప్పి ఎడమ చెవి మనవైపు పెట్టేవాడు. కోపం లేదు, కసురు లేదు. "బాపు ఎడమ చెవి ఇచ్చిండు" అంటే మా ఇంట్లో ఆ విషయం అయిపోయినట్టు. కారులో డ్రైవరు సీటు కుడివైపు కదా, మంచి చెవి కిటికీకి, వినబడని చెవి సంసారానికి ఉండేవి. కారు నడిపేటప్పుడు ఆయన ముఖంలో ఉండే ప్రశాంతత నేను ఇంట్లో ఎన్నడూ చూడలేదు.

హుమ్నాబాద్‌లో మా వీరన్న మామ, అమ్మకు అన్న, కొడుకును తొట్టెలో వేసే పండుగకు మమ్మల్ని పిలిచాడు. మామ అప్పుడే కొత్త కారు కొన్నాడు. దానిలో రేడియో ఉంది. వచ్చిన చుట్టాలంతా వంతులవారీగా ఆ కారులో కూర్చొని ఏదో వార్తలు విని, వార్తలు చాలా బాగున్నాయని దిగుతున్నారు. పంక్తిలో బాపు పక్కన కూర్చున్న మామ నవ్వుతూ, "బావా, మీ లండన్ బండికి రేడియో ఏం అక్కర? అది ఊరవతల ఉండంగనే మా పొయ్యి మీది గిన్నెలు సుత పాటలు పాడ్తయి" అన్నాడు. పంక్తంతా నవ్వింది. మామ ఎడమపక్కన కూర్చొని ఉంటే ఈ కథే లేదు. కుడిపక్కన కూర్చున్నాడు. బాపు చేతిలో ఉన్న భక్ష్యాన్ని విస్తట్లో పెట్టి లేచాడు. "నా బండిల పాటలు వెట్టినంకనే మీ గడప తొక్కుత వీరన్నా. ఉత్త రేడియో గాదు. నీ బజారంత ఇనాలె" అన్నాడు. అమ్మ తన అమ్మ దగ్గర కూర్చొని ఇంకా చీర మడత కూడా విప్పలేదు. అలాగే లేచి వచ్చి పరదాల వెనక కూర్చున్నది. ఆడవాళ్ళ ఏడుపు వెనకసీటులో ఎడమవైపు నుంచి వస్తుంది కాబట్టి బాపుకు వినబడలేదు.

పాటల సెట్టు పని ఖాజామియాకు ఒప్పజెప్పాడు బాపు. పెళ్ళిళ్ళకు, జాతరలకు మైకుసెట్టు కట్టే మనిషి. జహీరాబాద్‌లో ధ్వనికి సంబంధించిన ఏ విషయమైనా ఆయన మాటే మాట, ఎందుకంటే ఆయన మాట్లాడుతుంటే ఇంకెవరి మాటా వినబడేది కాదు. "కార్ల ఎన్నడన్న పెట్టినవా?" అని బాపు అడిగితే, "పటేల్ సాబ్, పెండ్లిల వెట్టిన, ఉర్సుల వెట్టిన, ఎడ్లబండి మీద వెట్టిన. కార్ సుత బండే గదా. మీరు ఫికర్ జెయ్యకున్రి, ముందుగాల నక్షా గీద్దాం" అన్నాడు. నక్షా కాగితం మీద గీస్తే కొలత తెలవదన్నాడు. హైస్కూల్లో జామెట్రీ చదువుతున్నానని నన్ను పిలిచి, ముందు గదిలో షాబాదు బండల మీద చాక్‌పీసుతో కారును కారంత గీయమన్నారు. సీట్లు, తలుపులు, స్టీరింగు, అన్నీ గీశాను. బండలు కడిగినప్పుడల్లా చెరిగిపోతోందని బాపు దాని మీద సున్నంతో గీయించాడు. అది అక్కడ ఏళ్ళ తరబడి ఉండిపోయింది. ఇంటికొచ్చినవాళ్ళు దాని చుట్టూ తిరిగి వచ్చేవారు. శివుడు చిన్నవాడైనా గీసిన తలుపులోంచి తప్ప లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. బాపు కూడా అంతే.

పొద్దుగూకే వేళ, జొన్నరొట్టెలు కావడానికి ముందు, మేమందరం ఆ సున్నం కారులో ఎక్కి కూర్చునేవాళ్ళం. బాపు డ్రైవరు గడిలో పీట వేసుకొని కూర్చునేవాడు. అమ్మ వెనక ఎడమ గడిలో కొంగు కప్పుకొని, పక్కన నేను, శివుడు. ఖాజామియా మా ట్రాన్సిస్టరు పట్టుకొని ఒకసారి తలుపు గీత దగ్గర, ఒకసారి మా వీపుల వెనక కూర్చొని, "గిప్పుడెట్లున్నది సాబ్?" అని అడిగేవాడు. బాపు కళ్ళు మూసుకొని, "కుడి చెవికి సాలదు" అనేవాడు. అలా నెలల తరబడి ఆలోచించి నక్షా ఖాయం చేశారు. బాపు మంచి చెవి పక్కన, కుడి తలుపుకు ఒక స్పీకరు. వెనకసీటు వెనక చెక్క బల్ల వేసి, దానికి రెండు. ముందు జాలీ వెనక, బయటికి చూస్తూ, ఒక భోంగా, అంటే పెళ్ళిపందిళ్ళకు కట్టే గొట్టం స్పీకరు. ఈ చివరిది ప్రత్యేకం హుమ్నాబాద్ కోసం. మా బజారులో వాళ్ళు మాత్రం "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మా గడప ముందు నుంచే అనుకుంటూ పోయేవారు. బాపుకు వాళ్ళు ఎడమపక్కన పడేవారు.

బెల్లం కొనడానికి హుమ్నాబాద్ నుంచి షావుకార్లు వచ్చేవారు. వాళ్ళే మాకు అమ్మమ్మ కబురు తెచ్చేవారు. ఒకసారి కళ్ళు మసకబారాయన్నారు. ఇంకోసారి మంచం దిగడం లేదన్నారు. అమ్మ తలుపు చాటున నిలబడి విని, పోయి రొట్టెలు కొట్టేది. ఆ రోజు రొట్టె కొట్టే చప్పుడు వేరుగా ఉండేది, వీధిలోకి వినిపించేది. రాత్రి వడ్డించేటప్పుడు కుడిపక్క చేరి, "ఇగో, జర ఇంటున్నరా. మా అవ్వ మంచం వట్టిందట" అన్నది. బాపు రొట్టె తుంచుతూ, "పనైతనే ఉన్నది గదా. సెట్టు కాంగనే పోదాం. పాటల్తోని పోదాం" అని మెడ తిప్పి ఎడమ చెవి ఇచ్చాడు. చెవిటివాడి ముందు శంఖమూదడం అంటారు. మా అమ్మ పరిస్థితి అంతకంటే కష్టం, సగం చెవిటివాడి ముందు ఊదాలి. అయితే ఆ మర్నాటి నుంచి అమ్మ మారిపోయింది. అంతవరకు సున్నం కారులో మొక్కుబడిగా కూర్చున్న మనిషి, ఖాజామియా రాగానే తానే ముందు వచ్చి తన గడిలో కూర్చునేది. ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో నన్నడిగి తెలుసుకున్నది. ఖాజామియా మర్యాద కొద్దీ, "అమ్మకు మంచిగ ఇనొస్తుందా?" అని నన్నడిగితే, అమ్మ కొంగులోంచి, "నాకు మంచిగనే ఇనొస్తుంది గని, ఎప్పుడైతదో అడుగు బిడ్డా" అనేది.

అది కావడమే తరువాయి, ఏదో ఒకటి అడ్డం వచ్చేది. మొదట తెచ్చిన యాంప్లిఫయరును బ్యాటరీకి కలపగానే కమ్మటి పొగ వచ్చి ఊరుకుంది. ఖాజామియా చాలాసేపు బానెట్ కింద తల పెట్టి, తేలి, "పటేల్ సాబ్, ఇంగ్లీషోళ్ల బండిల కరెంటు ఉల్టా పారుతది. మనకు భూమికి కలిపేది వాళ్లు నెత్తికి కలుపుతరు" అని తేల్చాడు. ఉల్టా కరెంటుకు సరిపడే సెట్టు హైదరాబాద్ నుంచి వచ్చేసరికి చెరుకు సీజన్ అయిపోయింది. అది వచ్చాక దానిలోకి చీమలు దూరాయి, వాటిని వదిలించేసరికి ఇంకో సీజన్ గడిచింది. చీమలు పోయాక వెనక బల్ల దగ్గర పని ఆగిపోయింది. మామిడి చెక్క వేస్తే వంగింది. వేరే చెక్క వేస్తే పాట గరగరమన్నది. పాత టేకు కావాలి, ఏళ్ళ తరబడి ఇంట్లో ఎండింది అయితేనే పాట సాఫుగా వస్తుందని బాపు పట్టు. వడ్రంగి మొగుడంపల్లి దాకా పోయి వెతికి ఒట్టి చేతులతో వచ్చాడు. ఆ రోజు అమ్మ లోపలికి పోయి, సందుగలోని చీరలన్నీ మంచం మీద కుప్పపోసి, వడ్రంగిని పిలిచి, "మూత ఊడగొట్టు" అన్నది. వడ్రంగి బాపు వైపు చూశాడు. "సందుగకు మూతెందుకు, దాంట్ల దాసుకునేది ఏమున్నది? కొయ్యి" అన్నది అమ్మ. రంపం ఆడుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డది. పొట్టుకు వట్టివేళ్ళ వాసన వచ్చింది, మా అమ్మమ్మ ఇంటి వాసన. నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం రెండో రంధ్రం అయ్యేదాకా కదలలేదు.

అంతా అయ్యాక, ఎవరూ అడగకుండానే, ఖాజామియా ఒక మైకు తెచ్చాడు. కారులో మైకు దేనికని బాపు అడిగాడు. ఖాజామియా నిజంగా నొచ్చుకున్నాడు. "మైకు లేంది సెట్టెట్లయితది సాబ్? పెండ్లిల పాట బంద్ జేసి, పిల్లగాని తండ్రి యాడున్న పందిట్లకు రావాలె అని చెప్పకుంటే అది సెట్టేనా?" అన్నాడు. ఆయన జీవితంలో మైకు లేని సెట్టు కట్టలేదు, ఇప్పుడు కట్టి పేరు పోగొట్టుకోడు. బాపుకు కూడా అది సబబుగానే తోచింది. హుమ్నాబాద్ చౌరస్తాలో తాను వచ్చిన సంగతి తానే చెప్పవచ్చునని అనుకొని ఉంటాడు. ముందుభాగంలో చోటు లేదు కాబట్టి మైకును వెనక ఎడమ తలుపుకు కొక్కెం కొట్టి తగిలించారు. అమ్మ దాన్ని చూసింది. కొంగుతో దాని మూతి మీద దుమ్ము తుడిచింది.

ఇంత చేశాక నేరుగా హుమ్నాబాద్ పోతామని మేమనుకున్నాం. బాపు ఒప్పుకోలేదు. ముందు ఝరాసంగం పోయి సంగమేశ్వరుని దగ్గర బండికి పూజ, తర్వాత న్యాల్‌కల్ దాకా ఒక ట్రయలు, ఏమన్నా గరగర ఉంటే సవరించి, దసరా దాటాక హుమ్నాబాద్ అన్నాడు. పూజకు బయల్దేరే రోజు పొద్దున బెల్లం షావుకారు వచ్చాడు. మా అమ్మమ్మ అన్నం ముడుతలేదని, కూతురి పేరే తీస్తున్నదని చెప్పి టీ తాగి పోయాడు. అమ్మ స్నానం చేసి, పట్టుచీర కట్టుకొని వచ్చి పరదాల వెనక కూర్చుంది.

బాపు పక్కన ఖాజామియా కూర్చున్నాడు. భజన క్యాసెట్టు పెట్టారు. నిజం చెప్పాలి, ఆ ధ్వని అద్భుతంగా ఉంది. నా వీపు వెనక మా సందుగ మూత పాడుతోంది. ముందున్న భోంగా ఊరికంతా పంచుతోంది. బస్టాండు ముందర పెద్దరోడ్డు మీదికి రాగానే జనం దుకాణాల్లోంచి లేచి చూశారు. బాపు మెడ నిటారుగా పెట్టాడు. ఝరాసంగం ఒక దిక్కు, హుమ్నాబాద్ ఇంకో దిక్కు. లారీలు అడ్డం వచ్చి కారు ఆగింది. సరిగ్గా అప్పుడే క్యాసెట్టు ఒక వైపు అయిపోయింది. ఖాజామియా దాన్ని తీసి తిరగేసేలోపు, వీధంతటా గాజుల చప్పుడు వినిపించింది. పెద్దగా, స్పష్టంగా, ఒక చెయ్యి గాజులు. తర్వాత మా అమ్మ గొంతు.

"ఇగో. ఇంటున్నరా. ఝరాసంగం వద్దు. హుమ్నాబాద్ దిక్కు తిప్పున్రి. మా అవ్వ అన్నం ముడుతలేదట."

వీధిలో ఎన్నడూ నోరు విప్పని మనిషి గొంతు బస్టాండు దాటి, కూరగాయల మార్కెట్టు దాటి పోయింది. బాపు అలవాటు కొద్దీ మెడ తిప్పాడు. కానీ స్పీకరు కుడి తలుపులో ఉంది, ఆయన ఎటు తిప్పినా అది ఆయన కుడి చెవి దగ్గరే ఉంది. అట్లా ఉండాలనే గదా నెలల తరబడి పీట వేసుకొని చూసుకున్నది. టీ హోటలు ముందు సాసర్లలో చాయ్ పోసుకున్నవాళ్ళు సాసర్లు అట్లనే పట్టుకొని నిలబడ్డారు. ఖాజామియా అటు తిరిగి, "ఆవాజ్ సాఫున్నది గదా సాబ్?" అన్నాడు. బాపు స్టీరింగు పట్టుకొని ముందుకే చూశాడు. పండ్లబండి ముసలాయన కిటికీ దగ్గరికొచ్చి, మర్యాదగా వంగి, "పటేలా, ఇనవళ్లేదా? మాకు ఇనవడ్డది" అన్నాడు. మైకులోంచి అమ్మ మళ్ళీ, "తిప్పకుంటే ఈడ్నే దిగుత. నడిచి పోత" అన్నది. ఆ గొంతు వణికింది. వణుకు కూడా అందరికీ వినబడింది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. బాపు హుమ్నాబాద్ దిక్కు స్టీరింగు తిప్పాడు. ముందు జాలీ వెనక భోంగా ఉందన్న సంగతి అమ్మ మరిచిపోయిందేమోనని చాలామంది తర్వాత జాలిపడ్డారు. ప్రతి తీగ ఎక్కడికి పోతుందో తెలిసిన మనిషి ఆమె. నేను ఎప్పుడూ అడగలేదు.

ఖాజామియా భయపడి దారంతా పాటలు ఆపలేదు. సరిహద్దు చెక్‌పోస్టు దాటాక పాట సాగడం మొదలుపెట్టింది, గాయకుడికి నిద్ర వస్తున్నట్టు. హుమ్నాబాద్ చౌరస్తాకు వచ్చేసరికి బ్యాటరీ మొత్తం పాటలే తినేశాయి, కారు ఆగిపోయింది. దారిన పోయేవాళ్ళు నలుగురు తోశారు. మామ కూడా వాకిట్లోంచి వచ్చి వెనక చెయ్యి వేసి తోశాడు. బజారంతా వినాలనుకున్న కారు, చప్పుడు లేకుండా మామ వాకిట్లోకి వచ్చి నిలబడ్డది. మామ వెనక అద్దంలోంచి చెక్కను చూశాడు. ఇత్తడి పట్టీని చూసి అది తమ సందుగ మూతని గుర్తుపట్టినట్టున్నాడు. వెనక నుంచి బాపు దగ్గరికొచ్చాడు. "లోపటికి రాండ్రి బావా. అవ్వ తోవ జూస్తున్నది" అన్నాడు.

అమ్మమ్మ మంచంలో చిన్నపిల్లలా అయిపోయి ఉంది. కళ్ళు కనబడక అమ్మ ముఖం తడిమి గుర్తుపట్టింది. ఇన్నేండ్లు ఎందుకు రాలేదని అడిగింది. అమ్మ మంచం పట్టె మీద కూర్చొని అంతా చెప్పింది. సున్నంతో గీసిన కారు, ఉల్టా పారే కరెంటు, యాంప్లిఫయరులో చీమలు, దొరకని టేకు. అమ్మమ్మ రెండు చెవులూ బాగా వినబడే మనిషి, ఓపికగా అంతా విన్నది. విని, తన కన్నడంలో నెమ్మదిగా, "బస్ బంద్ ఆగిద్వేనవ్వా?" అని అడిగింది. బస్సులు బందయినయా తల్లీ అని. వెక్కిరింపు కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. పెద్దరోడ్డు మీద తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా మా ఊరి నుంచి ఆ ఊరికి బస్సులు నడిచేవి. వాటి హారన్లు మా వంటింట్లోకి వినిపించేవి. అమ్మ అమ్మమ్మ ఛాతీ మీద తల పెట్టి ఏడ్చింది, కారులో ఏడ్చినట్టు కాదు, ఇల్లంతా వినబడేటట్టు. బాపు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. మంచం ఆయనకు కుడిపక్కన ఉంది.

అమ్మమ్మ ఆ చలికాలం దాటింది. ఇంటికి తిరిగొచ్చిన మొదటి సోమవారమే అమ్మ తలుపు తీసుకొని, చేతిసంచి పట్టుకొని హుమ్నాబాద్ బస్సుకని బస్టాండుకు నడిచింది. ఎవరినీ అడగలేదు. తర్వాత సోమవారం కూడా పోయింది. మూడోసారి బాపు వచ్చి సంచి అందుకున్నాడు. బస్సు కదిలేదాకా ఇద్దరూ పక్కపక్కన నిలబడేవారు, అమ్మ ఆయనకు కుడిపక్కన. బతికినన్నాళ్ళూ ఆమె మళ్ళీ లండన్ బండి ఎక్కలేదు. అదీ పెద్దగా నడవలేదు. సెట్టును ఖాజామియా పెళ్ళిళ్ళకు తీసుకుపోయాడు. చెక్క ఇంటికొచ్చింది గానీ, రంధ్రాలున్న మూత సందుగకు దేనికి పనికొస్తుంది? అమ్మ దాన్ని వంటింట్లో పెట్టి బిందెలు నిలిపింది.

ఇప్పుడు శివుడి కొడుకు కారులో ఎన్ని స్పీకర్లున్నాయో వాడికే తెలియదు. ఎవరూ దేని మీదా గీసి చూడలేదు, కారుతో పాటే వచ్చాయి. దాంట్లోంచి ఒక ఆడమనిషి గొంతు ఎడమకు తిరుగు, కుడికి తిరుగు అంటూంటే వాడు నోరెత్తకుండా తిప్పుతాడు. తప్పుదారి చూపినా ఏమీ అనడు. మా అమ్మ చూస్తే నమ్మేది కాదు.

చెక్క నాకు కావాలన్నాను. సుజాత ఆశ్చర్యపోయింది గానీ పాతచీరలో చుట్టి ఇచ్చింది. శివుడి కొడుకు తాళాలు తెచ్చి, "అత్తమ్మా, సంగారెడ్డిల నీ ఇంటి దాంక కార్ల దించొస్త పా. ఇంత పెద్ద చెక్క వట్టుకొని యాడ పోతవు?" అన్నాడు.

"బస్సులు బందయినయారా?" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. శివుడు మాత్రం చెక్కను భుజానికెత్తుకొని బస్టాండు దాకా మోశాడు.